తల్లిచెట్లు

జూలై 4
పొద్దున్నే సుగుణ ఫోన్, తాడేపల్లిగూడెం నుంచి. వాళ్ళ నాన్న దానయ్యగారి జ్ఞాపకార్థ కూడిక పదమూడున, ఆదివారం, చర్చిలో. చిన్న పుస్తకం కూడా వేస్తోందట. “కొండల మీద నాన్నగారి పని గురించి మీరే రాయాలి బాబాయిగారూ. అప్పట్లో ఆయనతో ఉన్నవాళ్ళు ఇంకెవరు మిగిలారండీ?”
ఎవరూ మిగల్లేదు. ఇన్నాళ్ళూ నా ధైర్యం అదే.

జూలై 5
రాశాను. దానయ్యగారు ఫారెస్టరుగా వచ్చేనాటికి ఆ కొండ కింది వాలంతా బోడి. పైన కూపు – ఆ ఏడు నరకడానికి కేటాయించిన అడవి ముక్క – నరికే ముందు గింజ కోసం కొన్ని చెట్లు వదలాలని ఆ రేంజిలో మొదట పట్టుబట్టింది ఆయనే. ఏ చెట్టు గింజ బాగా మొలుస్తుందో కొండరెడ్ల పెద్దల్ని అడిగేవారు. వాళ్ళు చూపించిన మద్ది, వేగిస చెట్లకి నడుమెత్తున సున్నం పట్టీ. తల్లిచెట్లు అనేవారు వాటిని. పట్టీ ఉంటే సుత్తి ముద్ర పడకూడదు. ముద్ర పడిందానికే గొడ్డలి. కూపుకి ముందు ఏటా ఏరించిన ఆ గింజలతోనే కింది వాలంతా పచ్చబడింది.
ఇక్కడిదాకా బాగానే వచ్చింది. ఇక్కడే పెన్ను ఆగింది.

జూలై 6
రాయలేదు. మా ఆవిడ – “పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు ఆ కాగితం ముందు ఏంటండీ అది?”

జూలై 7
ఇక్కడైనా రాస్తాను.
కూపు మొదలయ్యే ముందు పెద్దవాన. సున్నం కడుక్కుపోయుంటుంది, పైకెళ్ళి పట్టీలు మళ్ళీ వేయించమని నన్ను పంపారు. అప్పుడు నేను గార్డుని. జంగారెడ్డిగూడెంలో కొత్త సినిమా, మొదటి ఆట... సినిమాకెళ్ళాను. అంత సున్నం ఒక్క వానకే పోతుందా అనుకున్నాను. సాయంత్రం క్యాంపుకొచ్చి ఫీల్డు బుక్కులో రాశాను – ‘పట్టీలు మళ్ళీ వేయించడమైనది.’ గుండ్రటి దస్తూరీ.
మర్నాడు సార్ రేంజి ఆఫీసుకి వెళ్ళారు. ముద్ర వేసేవాళ్ళు నా రాత నమ్మి కొండెక్కారు. తెల్లగా ఎక్కడా ఏమీ లేదు. అన్నిటికీ కొట్టేశారు. మూడోరోజుకి తల్లిచెట్లన్నీ నేలమీద.
సార్ వచ్చి ఆ మొద్దుల మధ్య చాలాసేపు నిలబడ్డారు. ఒక్కసారే అడిగారు.
“పైకి ఎక్కావా?”
“ఎక్కానండి.”
ఎంక్వైరీలో ‘నేను సరిచూడలేదు, తప్పు నాదే’ అని రాసిచ్చారు. ప్రమోషన్ ఆపేసి కొల్లేరు పంపారు, పక్షుల కాపలాకి. మళ్ళీ కొండ మొహం చూడలేదు ఆయన. రెండేళ్ళకి నేను ఫారెస్టర్ని. సిగ్గులేకుండా ఆయనకే స్వీట్లు పట్టుకెళ్ళాను.

జూలై 8
ఆ రోజే గుర్తొస్తోంది. మండవల్లిలో దిగి, ఆపైన పడవ. మోకాల్లోతు నీళ్ళలో నిలబడి దిబ్బ మీద తుమ్మ మొక్కలు నాటిస్తున్నారు, కొంగలు గూళ్ళు పెట్టుకోడానికి. చేతులు కడుక్కుని స్వీటు తిన్నారు. “బాగుందిరా” అన్నారు. ఆయనకి తెలుసు. తెలిసే తిన్నారు. నాలుగు తిట్టుంటే ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయేవాణ్ణి.

జూలై 10
పుస్తకానికి ఇచ్చేశాను. ‘అనంతరం బదిలీపై కొల్లేరు ప్రాంతానికి వచ్చారు.’ అంతే. ఒక్క వాక్యం. ఉద్యోగం మొత్తంలో నేను బాగా నేర్చిన విద్య ఇదే కాబోలు.

జూలై 13
తాడేపల్లిగూడెం. చర్చి నిండా జనం. ముందు వరుసలో కూర్చోబెట్టారు నన్ను. మాట్లాడాను – చప్పట్లు కూడా. తల ఎత్తలేకపోయాను. వినయం అనుకున్నారు.
భోజనాల దగ్గర సుగుణ. “చిన్నప్పుడు తల్లిచెట్ల కబుర్లు ఎన్ని చెప్పేవారో నాన్నగారు. తీసుకెళ్ళమంటే మాత్రం మోకాళ్ళనొప్పులు అనేవారండీ. మీరు చూపిస్తారా బాబాయిగారూ? బుధవారం కారు మాట్లాడతాను.”
అంటే ఇంట్లో కూడా చెప్పలేదు. ఆ అమ్మాయి లెక్కలో అవి ఇంకా నిలబడే ఉన్నాయి.
“అలాగేనమ్మా” అన్నాను. నా నోటికి అదొక్కటే వచ్చు.

జూలై 15
ఏదో ఒక ముదురు మద్దిని చూపించి ‘ఇదేనమ్మా’ అనొచ్చు. సుగుణ బళ్ళో టీచరమ్మ, చెట్ల సంగతి ఆమెకేం తెలుస్తుంది... ఈ ఆలోచన ఎంత తేలిగ్గా వచ్చిందో! ఈ వయసులో కూడా. ఛీ.
మా ఆవిడకి చెప్పాను, మొదటిసారి. పప్పు తిరగమోత పెట్టి వచ్చి – “ఆ అమ్మాయికి చెప్పకుండా కారెక్కకండి.”

జూలై 16
ఉంగుటూరు దాటామని సుగుణ ఫోన్. ఏలూరులో నన్ను ఎక్కించుకుని చింతలపూడి మీదుగా వెళ్ళాలి.
“సుగుణా, ఒక మాట చెప్పాలమ్మా” అన్నాను.
“ఒక్క నిమిషం బాబాయిగారూ, అమ్మ మాట్లాడుతుందటండీ.”
వదినగారు! ఎనభై దాటాయి. ఆవిడా వస్తున్నారు.
“పులిహోర కట్టానండీ. ఆయన చెట్ల కిందే కూర్చుని తిందాం. ఇన్నేళ్ళకి చూడబోతున్నాను.”
ఫోన్ పెట్టేశారు.

వీధిలో కారు ఆగింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి నావైపే చూస్తోంది.