గట్టు మీద వల కట్టిన టీమ్ లీడరు

హైదరాబాదు,
ఆదివారం.

నాన్నగారికి, అమ్మకు మీ సుశీల వందనాలు. దేవుని దయవల్ల నాకు ఒంట్లో బాగానే ఉంది. మీ మోకాలి నొప్పి తగ్గిందో లేదో రాయించండి. ఈ ఉత్తరం చదివేటప్పుడు చెల్లిని ఒక్క ముక్క కూడా వదిలేయవద్దనండి.

ఇక్కడ ఎండే గాని మన ఉక్క లేదు. హాస్టల్లో చేపల కూర అని పెట్టేదాన్ని మన పిల్లి ముట్టదు. అయినా తింటున్నాను, బెంగపడకండి.

మా ఆఫీసులో కంప్యూటరు చేత మ్యాపులు గీయిస్తామని చెప్పాను కదా. ఇప్పుడు మన కొల్లేరే వచ్చింది. నీళ్ళున్నంత మేరా అడ్డంగా నీలం గీతలు పడాలి, గట్టు రాగానే తెగిపోవాలి. మా టీమ్ లీడరు గారు పెద్ద చదువుల మనిషి. గీత మొదట నీళ్ళను తాకిన చోటు, చివర వదిలిన చోటు చూసుకుని, మధ్యదంతా నీళ్ళేనన్నారు. కొల్లేరంటే తన స్నానాల తొట్టి అనుకున్నారు కాబోలు. మధ్యలో గట్టు మీదున్న మన ఊరిని చర్చితో సహా ముంచేశారు.

"గట్టు లోపలికి పొడుచుకొచ్చిన చోట గీత బయటికొచ్చి మళ్ళీ దిగాలండీ," అన్నాను.

"ప్రొబేషన్లో ఉన్నావమ్మా. ఏ పుస్తకంలో ఉందో చూపించు."

ఆయన నీళ్ళను సీసాలో తప్ప చూసినట్టు లేదు. నాన్నగారూ, వల కట్టేముందు మీరు తాడు తిన్నగా లాగి, అది నీళ్ళలో దిగిన చోటా గట్టెక్కిన చోటా కర్రలు గుచ్చుకుంటూ పోయేవారు. "ఒకటికీ రెండుకీ మధ్య వల కట్టు. రెండుకీ మూడుకీ మధ్య వదిలెయ్. గట్టు మీద కడితే పీతలు నవ్వుతాయే," అనేవారు. నేను కంప్యూటరుకు రాసిచ్చింది అదే. గీత ఒడ్డు దాటిన ప్రతిచోటా ఒక కర్ర, కర్రలన్నీ వరసలో, రెండేసి ఒక జత. మన ఊరు తేలింది.

ఫైలు పైన పద్ధతి ఎవరిదో రాయాలి. మీ పేరు రాశాను.

"చేపలు పట్టే ఆయన పేరేంటమ్మా? తీసేసి నాది పెట్టు."

"రెండుకీ మూడుకీ మధ్య ఎందుకు వదిలేశామో చెప్పండి, పెడతానండీ."

ఆయన టీ తాగడానికి వెళ్ళిపోయారు. అంత చదువూ టీకొట్టు దాకానే.

రేపు పైవాళ్ళకు చూపించాలి. నన్ను ఉంచేదీ పంపేదీ రేపే తేలుస్తారట. మీ పేరు మాత్రం తీయలేదు. రేషను కార్డులో ఉన్నట్టే ఇంగ్లీషులో ఉంది.

నానమ్మకు, పాస్టరమ్మగారికి నా వందనాలు. ఎవరైనా ఇటు వస్తుంటే ఎండు రొయ్యలు పంపండి. నన్ను పంపించేస్తే నేనే వచ్చి తింటాను. తాడు కొస నేను పట్టుకుంటాను, కర్రలు మీరు గుచ్చండి.

మీ ప్రార్థనలో నన్ను తలుచుకోమని కోరుతూ,
మీ పెద్దమ్మాయి
సుశీల