పిన్ను పట్టింది

ఆళ్లగడ్డ, మంగళవారం

నా బంగారు తల్లి కరుణకు, మీ అమ్మ దీవించి రాసేది.

నంద్యాలకు బస్సెక్కుతున్న సంజీవయ్యన్న చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఫోన్లో చెప్దామంటే మీ నాయన పక్కనే మంచంలో ఉంటాడు, వింటాడు.

నువ్వు కొనిచ్చిన చార్జింగు ఫ్యాను చార్జరు పోగొట్టాను తల్లీ. ప్రార్థన కూటానికి ఫ్యాను తీసుకుపోయిన రోజు యాడ పడిపోయిందో తెలీదు. కరెంటు పోయినప్పుడు ఆ గాలి లేకుంటే మీ నాయనకు ఆయాసం ముంచుకొస్తుంది గదా. భయమేసి, చేనికి మందు కొట్టే పంపు చార్జరు తెచ్చి పెట్టాను. పిన్ను చక్కగా పట్టింది. పట్టింది గదా, ఇదీ అదీ ఒకటే అనుకున్నాను. కాసేపటికే ఫ్యాను అడుగు పెనం మాదిరి కాలింది, ఒకటే కమురు వాసన. స్విచ్చి ఆపి పీకేశాను. మంచానికి జానెడు దూరంలో ఉండింది. నేను చూడకపోయుంటే ఏమయ్యేదో!

ఇప్పుడు దాన్ని పెరట్లో బండ మీద పెట్టి, పేలుతుందేమోనని దూరం నుంచే చూసొస్తున్నాను. మీ నాయన అడిగితే, అదే చెడిపోయిందన్నాను. "నీ కూతురు సంత సరుకు అంటగట్టింది" అన్నాడు. నా తప్పు నీ మీదికి పోయింది. రెండు రోజులుగా విసనకర్రతో విసురుతున్నాను. చెయ్యి ఆపితే ఆయన ఊపిరి ఆగుతుందేమోనని భయం. ఏం చేయాలో రాయి.

మీ అమ్మ, చెన్నమ్మ

ఆళ్లగడ్డ, శనివారం

కరుణా, నా తల్లీ,

నువ్వు రాసినట్టే ఫ్యానును మాబాషా రిపేరు అంగడికి తీసుకుపోయాను. విప్పి చూస్తే బ్యాటరీ పొట్ట ఉబ్బి ఉంది. దాన్ని మళ్లీ చార్జింగు పెట్టకూడదని తీసేసి కొత్తది వేశాడు, దానికి సరిపోయే చార్జరూ ఇచ్చాడు. "పిన్ను పట్టిందని పెడ్తే ఎట్లమ్మా? ఫ్యాను ఎన్ని ఓల్టులడిగితే చార్జరు అన్నే ఇయ్యాల. ప్లస్సు మైనస్సు గుర్తు కల్వాల. ఆంపియర్లు తక్కువుండకూడదు" అన్నాడు. నాకు ఇంగ్లీషు రాదు, అంకెలు వస్తాయి. ప్రార్థన గుడిలో బోర్డు మీది పాట నంబరు పుస్తకంలో వెతుక్కున్నట్టు, మాబాషా వేలు పెట్టిన చోట చూశాను. ఫ్యాను మీద తొమ్మిది, కొత్త చార్జరు మీద తొమ్మిది. మూడుసార్లు చూశాను.

ఇంటికొచ్చి మీ నాయనకు నిజం చెప్పాను, పోగొట్టిందీ కాల్చిందీ నేనే, కరుణ మంచిదే ఇచ్చిందని. ఫ్యానును మంచానికి దూరంగా, వట్టి బండల మీద చార్జింగు పెట్టి, చార్జరు మీద చెయ్యేసుకుని కూర్చున్నాను. కొంచెం వెచ్చగా ఉంది, అంతే. అయినా చెయ్యి తీయడానికి ధైర్యం చాల్లేదు. మీ నాయన చానాసేపు చూసి, "దానికేమన్నా జొరమొచ్చిందా, తడుముతాండావ్? ఆ చెయ్యి తెచ్చి ఈడ పెట్టు" అని తన రొమ్ము చూపించాడు.

పెట్టాను తల్లీ. ఈ నాలుగు ముక్కలు రాయడానికే తీశాను. మళ్లీ పోయి పెడతాను.

మీ అమ్మ, చెన్నమ్మ