మూడయ్యేదాకా మంచు మీదే

కెస్ట్రెల్ లేక్,
ఫిబ్రవరి 20

ప్రియమైన ఆర్సెన్‌గాడికి,

నువ్వు ఫోన్ ఎత్తవు కాబట్టి ఈ కాగితం తిప్పలు. పన్నెండేళ్లు ఐస్ హాకీలో గోలు ముందు కలిసి కాపలా కాశాం, నువ్వు కుడి పక్క, నేను ఎడమ పక్క. ఇప్పుడు నేను కోటు తొడుక్కుని జట్టు మేనేజర్ కుర్చీలో కూర్చున్నాను. ముక్కు మాత్రం ఇంకా వంకరే.

నిన్న యజమాని మెల్నిచుక్ పిలిచాడు. "డిఫెన్సులో హార్కిన్, రంటా ఇద్దరూ ముసలాళ్లయ్యారు. మార్చి ఆరు మధ్యాహ్నం మూడింటికి ఆటగాళ్ల మార్పిడి గడువు. ఆలోగా ఒకణ్ణి వేరే జట్టుకి పంపెయ్. ఎవర్ని పంపాలో వాళ్లనే విడివిడిగా అడుగు, వాళ్లే కక్కుతారు," అన్నాడు. తొమ్మిదేళ్ల జోడీ అది! అడగనన్నాను. "అడక్కపోతే నీ కుర్చీ ఉండదు," అన్నాడు.

ఏమంటావ్?

నీ వైనో


గాస్పే,
ఫిబ్రవరి 27

ప్రియమైన మొండిఘటానికి,

ఫోన్ ఎత్తితే నీ గొంతు వినాలి. నాకెందుకొచ్చిన గొడవ!

అడగడానికి అంత బాధేంట్రా? మన పాత మేనేజర్ ఎవర్నడిగి నన్ను పంపాడు? పొద్దున వెళ్లేసరికి నా లాకర్ మీద పేరు పట్టీ పీకేసి ఉంది. సంచి సర్దుకుని బస్సెక్కాను. నీకు యాభై నాలుగేళ్లు, మోకాళ్లు రెండూ డాక్టరు పెట్టినవే. కుర్చీ పోతే ఎవడిస్తాడు పని? నోర్మూసుకుని అడుగు.

ఎండు చేప పంపుతున్నాను. కుక్కకి పెట్టకు.

ఆర్సెన్


కెస్ట్రెల్ లేక్,
మార్చి 7

ప్రియమైన ఆర్సెన్,

నిన్న రెండింటికి ఫోన్ బల్ల మీద పడేసి, పాత స్కేట్లు కట్టుకుని మంచు మీదికి దిగాను. హార్కిన్, రంటా ప్రాక్టీసులో ఉన్నారు. "బాస్, పడ్డారంటే లేపడానికి క్రేను కావాలి!" అన్నాడు రంటా. మంచు చుట్టూ ఉన్న అద్దాల గోడ అవతల మెల్నిచుక్ ఫోన్ చూపిస్తూ గుద్దుతున్నాడు. గుద్దుకోనీ అనుకుని ఇంకో చుట్టు తిరిగాను. మూడయింది, గడువు దాటింది.

వాళ్లిద్దరూ ఇక్కడే ఉన్నారు, నేను లేను. మూడుంబావుకల్లా నా తలుపు మీద పేరు పట్టీ పీకించాడు. పీకితే పీకాడు!

ఇంకో మాట. నిన్ను పంపేసిన ఏడు మన మేనేజర్ నన్నడిగాడు, "నువ్వా, వాడా?" అని. నన్నే ఉంచమన్నాను. పద్దెనిమిదేళ్లుగా ఆ ముల్లు గొంతులో ఉంది. ఆ ప్రశ్న నా నోటితో ఇంకొకణ్ణి అడగలేను. తిడితే తిట్టు, పడతాను.

వైనో


గాస్పే,
మార్చి 15

ప్రియమైన వెధవకి,

ఎవర్నడిగాడని రాశానే, అది అబద్ధం. నన్నూ అడిగాడు, నీకంటే ముందే. "వైనోని పంపండి, వాడి మోకాళ్లు పోయాయి," అన్నాను. నా మాట నెగ్గలేదు, నీది నెగ్గింది. అంతేరా తేడా! నీ గొంతు వింటే నా మాటే గుర్తొస్తుంది, అందుకే ఫోన్ ఎత్తను.

మనిద్దరం చెయ్యలేనిది మొన్న నువ్వొక్కడివే చేశావు. ఏడవకు, అది నాకు చేతనైన పని.

మా ఊరి ముసలాళ్ల జట్టు ఆదివారాలు ఆడుతుంది. ఎడమ పక్క ఎవడూ నిలవట్లేదు. నా పక్క లాకర్ మీద నీ పేరు రాసి అంటించాను. దాన్ని పీకేవాడెవడో నేనూ చూస్తాను.

స్కేట్లు పట్టుకుని రా. వచ్చే ముందు ఫోన్ చెయ్యి, ఎత్తుతాను.

నీ కుడి పక్క,
ఆర్సెన్