వివరించని పద్నాలుగు రోజులు

జూన్ 2, ఆదివారం

పై వాటా టైలరమ్మను పలకరించడానికి వెళ్లాం. వాళ్ల అక్క పోయి వారమైంది. ఆవిడ ఏడుస్తూనే ఉంది. మా ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. నాకేం చేయాలో తోచలేదు. ఉల్లిపాయ కోస్తే వచ్చే కన్నీళ్లు, దుఃఖంతో వచ్చే కన్నీళ్లు ఒకటి కావని, దుఃఖం కన్నీళ్లలో ప్రొటీన్ ఎక్కువ ఉంటుందంటారని చెప్పాను. టైలరమ్మ ఏడుపాపి నావైపు చూసింది. మంచి ఫలితమే అనుకున్నాను.

ఇంట్లోకొచ్చి చెప్పులు విడిచాక మా ఆవిడ అడిగింది.

"ఏమండీ, ఒక్క రెండు వారాలు ఎవరికీ ఏదీ వివరించకుండా ఉండగలరా?"

"ఎవరైనా అడిగితే?"

"అడిగినా సరే."

దానికేముంది అన్నాను. నేను ఫ్రిజ్ మెకానిక్‌ని. పొద్దున్నే పేపర్లో సైన్సు పేజీ చదవనిదే నాకు టీ దిగదు. చదివింది ఎవరికో ఒకరికి చెప్పనిదే ఆ టీ అరగదు. అయినా పద్నాలుగు రోజులెంత.

జూన్ 3, సోమవారం. మొదటి రోజు

ఉ. 6.40. టీ నీళ్లు మరగబోయే ముందు గిన్నె సన్నగా రొద పెట్టింది. ఎందుకో నాకు తెలుసు. చెప్పలేదు.

11.00. ఫ్రిజ్ తలుపు మూసిన వెంటనే మళ్లీ తీయబోతే ఎందుకు రాదని ఒక ఇంటాయన అడిగాడు. "కాసేపాగితే వస్తుందండీ" అన్నాను. ఆయన తృప్తిపడ్డాడు. నేను పడలేదు.

రా. 8.00. ఇవాళ్టి వివరణలు: సున్నా. ఒళ్లు తేలిగ్గా ఉంది. ఇది జీవితాంతం చేయొచ్చు.

జూన్ 4, మంగళవారం

సున్నా. చూయింగ్ గమ్ బాగా పనిచేస్తోంది. రెండు ప్యాకెట్లు.

జూన్ 5, బుధవారం

సా. 5.15. వాన. మా ఆవిడ కిటికీ దగ్గర నిలబడి "మట్టి వాసన ఎంత బాగుందో" అంది.

"మట్టిది కాదు" అన్నాను.

తిరిగి చూసింది. అది సవరణ, వివరణ కాదు. ఆవిడ హాల్లోకి వెళ్లాక ఆ వాసన మట్టిలో బతికే సూక్ష్మజీవులు తయారుచేసే పదార్థానిదని గ్యాస్ స్టవ్‌కు చెప్పాను. స్టవ్ మనిషి కాదు. కాబట్టి సున్నా.

జూన్ 7, శుక్రవారం

నియమంలో కొంత స్పష్టత అవసరమనిపించింది. ఈ కిందివి లెక్కలోకి రావు.

సవరణలు.
హెచ్చరికలు.
ఫ్రిజ్‌కు సంబంధించినవి (వృత్తి).
చంటిపిల్లలు (ఎలాగూ అర్థం కాదు).
బస్సులో పక్క సీటాయన (మళ్లీ కనబడడు).

ఈ లెక్కన ఇవాళ కూడా సున్నాయే. బస్సులో పక్క సీటాయన తన స్టాపు రాకముందే దిగిపోయాడు.

జూన్ 9, ఆదివారం

మా బావమరిది భోజనానికి వచ్చాడు. లాండ్రీలో పని. హోటళ్ల దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేస్తారు. రెండు నెలలుగా ఎడమ చేతి చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కినట్టు ఉంటున్నాయట. "చెయ్యి కింద పెట్టుకుని పడుకుంటున్నాలే" అన్నాడు.

తిన్నాక వద్దంటున్నా వినకుండా గిన్నెలన్నీ వాడే తోమాడు. అరగంట చేతులు నీళ్లలోనే. తుడుచుకుంటుంటే చూశాను. అన్ని వేళ్ల కొసలూ ముడతలు పడ్డాయి. ఆ రెండూ మాత్రం నున్నగా ఉన్నాయి.

నీళ్లలో నానితే వేళ్లు ముడతలు పడేది చర్మం ఉబ్బి కాదు. నరాలు లోపలి రక్తనాళాలను బిగిస్తాయి కాబట్టి. నరం పనిచేయకపోతే ముడత సరిగ్గా రాదు.

నోరు తెరిచాను. ఎదురుగా మా ఆవిడ. నోరు మూసుకున్నాను. వాడు ఐదింటికి వెళ్లిపోయాడు.

సున్నా.

జూన్ 10, సోమవారం

పనిమీద మనసు నిలవలేదు. ఒకరి ఫ్రిజ్ వెనక రెండు స్క్రూలు బిగించడం మర్చిపోయి, మళ్లీ వెళ్లి బిగించి వచ్చాను. కళ్ల ముందు ఆ రెండు వేళ్లే.

సా. 6.30. బావమరిది ఫోన్. స్పీకర్‌లో పెట్టాను.

"బావా, ఇవాళ ఎడమ చేతిలోకి మార్చుకుంటుంటే ఇస్త్రీపెట్టె జారింది. కాలి మీద పడలేదు కానీ, పట్టు చాలట్లేదు."

"ఒరేయ్, నిన్న అంతసేపు నీళ్లలో నానినా నీ రెండు వేళ్లకు ముడతలు పడలేదు, నరం ఎక్కడో నొక్కుకుపోయినట్టుంది, రేపే డాక్టర్ దగ్గరికెళ్లు."

అంతే. పెట్టేశాను.

"నిన్న చూసి ఇవాళా చెప్పడం?" అంది మా ఆవిడ.

"నువ్వే కదా..."

"నేను వద్దన్నది ఇది కాదండీ."

వివరణలు: ఒకటి.

జూన్ 12, బుధవారం

మోచేతి దగ్గర నరం నొక్కుకుపోయిందట. పని చేసుకునేటప్పుడు బల్లమీద మోచెయ్యి ఆనించే అలవాటు వాడికి. ఇంకా ఆలస్యం చేస్తే కండ కరిగిపోయేదని డాక్టర్ అన్నాడట. చేతికి పట్టీ వేశారు, నెలరోజులు సెలవు.

మా ఆవిడ అడక్కుండానే రెండో టీ ఇచ్చింది. "మంచి పని చేశారు" అంది. పెళ్లయ్యాక ఈ మాట మూడోసారి.

జూన్ 13, గురువారం

ఎవరికి ఎప్పుడు ఏది పనికొస్తుందో చెప్పలేం. కాబట్టి మౌనం ప్రమాదకరం.

ఇవాళ వివరించినవి:
మంగలికి: జుట్టు ఎందుకు నెరుస్తుంది. కత్తెర ఆపి విన్నాడు. కటింగ్ ఒక పక్కే అయింది.
పాలాయనకు: పాలు తెల్లగా ఎందుకుంటాయి. ఆయన తెల్లగా ఉంటే చాలన్నాడు.
ముగ్గురు కస్టమర్లకు: తలా ఒకటి.
టైలరమ్మ మెట్ల మీద ఎదురైంది. నన్ను చూసి మళ్లీ పైకెక్కింది. ఈవిడ లెక్కలోకి రాదు.

జూన్ 14, శుక్రవారం

మధ్యాహ్నం బావమరిదిని చూడటానికి వెళ్లాను. వాడితో లాండ్రీలో పనిచేసే ఇద్దరు కూడా వచ్చి ఉన్నారు. నేను రాగి గొట్టం, వైరు తీసుకెళ్లాను. గొట్టం మోచెయ్యి, వైరు నరం. గంటన్నర పట్టింది. తర్వాత ఆ ఇద్దరి చేతులూ బకెట్లో పెట్టించాను. ఎన్నిసార్లు నానినా ముడతలు దాదాపు అదే చోట, అదే ఆకారంలో పడతాయని ఈమధ్యే కనుక్కున్నారు. అది నిరూపించాలంటే చేతులు ఆరాక మళ్లీ నానబెట్టాలి.

"బావా, నేను కాసేపు పడుకుంటా" అన్నాడు మా వాడు.

బయటికొచ్చి చెప్పులేసుకుంటుంటే లోపలి మాటలు వినబడ్డాయి.

"మీ బావ రోజూ ఇంతేనా?"

"మంచోడేరా. మొన్న ఫోన్లో ఒక్క మాట చెప్పి నా చెయ్యి కాపాడాడు. ఆ మాటతో ఆగుంటే ఇంకా బాగుండేది."

చాలాసేపు మెట్ల మీదే కూర్చున్నాను. రాగి గొట్టం వంపు తీసి తిన్నగా చేశాను.

జూన్ 15, శనివారం

నిన్న మెట్ల దగ్గర విన్నది మా ఆవిడకు చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మీరు ఎదుటివాళ్ల కోసమే మొదలుపెడతారండీ. సగం దూరం వెళ్లాక మీ కోసం సాగదీస్తారు."

"ఆ టైలరమ్మ అలా ఏడుస్తుంటే నాకు భయమేసింది" అన్నాను. "నాకు తెలిసింది అదొక్కటే."

ఆవిడ నా సగం కటింగ్ చూసి, రేపు మళ్లీ వెళ్లి రెండో పక్క కూడా చేయించుకోమంది.

జూన్ 16, ఆదివారం. ఆఖరి రోజు

నియమం వరసగా నిలబడ్డవి: ఉదారంగా లెక్కేస్తే ఏడు రోజులు. నిజాయితీగా అయితే రెండు.

రేపట్నుంచి కొత్త నియమం. అడిగినవాళ్లకే చెప్పాలి. అదీ ఒక్క వాక్యమే. మా ఆవిడకు చెప్తే సరేనంది.

సా. 6.10. ఇద్దరం బాల్కనీలో కూర్చున్నాం. ఆవిడ మంచినీళ్ల గ్లాసులో ఐసు ముక్క వేసుకుంది. టప్‌మని చిట్లింది.

"ఇదెందుకిలా చిట్లుతుందండీ?"

తనంతట తాను అడిగింది.

"నియమం రేపట్నుంచి కదా" అన్నాను.

"ఇవాళే మొదలెట్టండి. ఒక్క వాక్యం."

నీళ్లు తగిలిన పైపొర ఒక్కసారిగా వేడెక్కి సాగబోతుందని, లోపలి ఐసు ఇంకా చల్లగానే ఉండి సాగదని, ఆ లాగులాటలో ముక్క పగులుతుందని, అందుకే ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట పెట్టిన ఐసు అంత చప్పుడు చేయదని, వేడి నీళ్లు పోస్తే గాజు గ్లాసు పగిలేదీ దాదాపు ఇందుకేనని, అసలు గాజు సంగతికొస్తే...

ఆవిడ లేవలేదు. గ్లాసులో ఐసు కరిగిపోయింది. తాగేసి, ఖాళీ గ్లాసు కింద పెట్టి అడిగింది.

"అయిందా?"

"ఇంకా వాక్యం పూర్తవలేదు" అన్నాను.

రేపు మొదటి రోజు.