నీడ వేయని ముఖం

గవర్నర్‌పేట,
ఆదివారం.

చిట్టితల్లీ సింధూరీ,

మొన్న మీ ఇంటికొచ్చినప్పుడు, మనవరాలు అక్షయ పుట్టినరోజుకి దాని బొమ్మ గీస్తానన్నాను. "మా పాపని నువ్వు గీయొద్దు నాన్నా" అనేసి లోపలికి వెళ్ళిపోయావు. ఎందుకన్నావో తెలియదని బస్సులో తిరిగొస్తూ నన్ను నేను నమ్మించుకోవాలని చూశాను. కుదరలేదు. ఇది ఫోనులో చెప్పేది కాదు, అందుకే రాస్తున్నాను.

నువ్వు పదో తరగతిలో ఉన్నప్పుడు, చీరల కొట్టు గోడ మీద వెయ్యడానికి నిన్ను చూసి బొమ్మ గీశాను. కిటికీ పక్కన స్టూలు మీద రెండు గంటలు కదలకుండా కూర్చున్నావు. కొట్టు పేరు అక్షరాలకి నేను వేసిన నీడ చూసి, అవి నిజంగానే గోడ మీంచి పైకి లేచాయేమోనని జనం చేత్తో తడిమేవాళ్ళు. నీ ముఖానికి మాత్రం ఆ నీడ లేకుండా చేశాను. చెంప కింద, ముక్కు పక్కన కాఫీరంగు పడాల్సిన చోటల్లా తెలుపూ గులాబీ కలిపి పూసేశాను.

స్నేహితురాళ్ళని వెంటబెట్టుకుని చూడ్డానికెళ్ళావు. "ఈవిడెవరే?" అని వాళ్ళు నవ్వారట. ఇంటికొచ్చి అడిగావు. "ఓనరు తెల్లగా ఉండాలన్నాడమ్మా, నేనేం చెయ్యను?" అన్నాను.

ఓనరు ఆ మాట అనలేదు తల్లీ. నిన్ను అందంగా చూపించాలని నేనే అనుకున్నాను. అంటే, ఉన్నదున్నట్టుగా నువ్వు అందంగా లేవనేగా నేననుకుంది! పదిహేడేళ్ళుగా ఈ మాట కడుపులో దాచుకున్నాను. ఆ తర్వాత నువ్వెప్పుడూ నా ఎదుట బొమ్మకి కూర్చోలేదు. నేనూ రమ్మనలేదు.

మీ నాన్న,
రామలింగం

హనుమాన్ జంక్షన్,
శుక్రవారం.

నాన్నా,

ఉత్తరం మూడుసార్లు చదివాను. ఓనరు అనలేదని నాకు ఆ మర్నాడే తెలుసు. బడి నుంచి వస్తూ కొట్లోకి వెళ్ళి అడిగాను. "బొమ్మ మీ నాన్న ఇష్టమమ్మా, నేనేం చెప్పలేదు" అన్నారాయన. నిన్నేమీ అడగలేదు. నువ్వే చెబుతావని చూశాను. ఆ ఏడూ చూశాను, పై ఏడూ చూశాను. పెళ్ళిలో అప్పగింతలప్పుడు కూడా చూశాను. ఇక చెప్పవులే అనుకున్నాను.

అక్షయది నా రంగే. దాని ముఖానికి ఏం పూస్తావోనని భయమేసింది, అంతే.

వచ్చే ఆదివారం రా. రంగులు తెచ్చుకో. పాప సంగతి తర్వాత చూద్దాం, ముందు నన్ను గీయి. ఆ పదిహేనేళ్ళ పిల్ల ఇక నీకు దొరకదు నాన్నా. ఇప్పుడు కళ్ళ కింద నలుపొచ్చింది. అది కూడా వెయ్యి.

సింధూరి