అర అంగుళం ఎక్కువ

మార్చి 20

షెడ్డు తాళం తీశాను. నాన్న మోరిస్ మైనర్ కారు తొమ్మిదేళ్లుగా దుప్పటి కప్పుకుని అలాగే ఉంది. ఆయన పోయాక ఎవరూ స్టార్ట్ చేయలేదు. వచ్చే నెల సింహళ కొత్త సంవత్సరానికి ఇందులో కూర్చుని నువరెళియ బజారు చుట్టి రావాలని అమ్మ కోరిక. ఆమెకి ఎనభై రెండేళ్లు. వచ్చే ఏడు అడుగుతుందో లేదో.

ఇంజిన్ ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీశాను. ఆయిల్ నిండు గీతకి అర అంగుళం పైన ఉంది! నిలబెట్టిన బండిలో ఆయిల్ పెరగడమేమిటి? ఈ దేశంలో ఏ పనీ చేయకుండా పెరిగేవి మంత్రుల పొట్టలు మాత్రమే అనుకున్నాను.

మార్చి 21

ఆయిల్ పోసే మూత లోపల తెల్లటి ముద్ద. మీగడలా. పుస్తకం ప్రకారం గాస్కెట్ పోయి నీళ్లు చేరాయి. కానీ రేడియేటర్ తొమ్మిదేళ్ల కిందటే ఖాళీ చేశారు. మరి ఏ నీళ్లు?

వాసన చూశాను. తెలిసిన వాసనే. ఎక్కడిదో తెలియలేదు.

మార్చి 23

మెకానిక్ విల్బర్ట్ మేస్త్రి వచ్చాడు. ఈ బండిని ముప్పై ఏళ్లు చూసిన చేయి. చివరిసారి ఆయిల్ పోసిందీ అతనే. నేను తాళం తిప్పబోతే పట్టుకుని ఆపాడు. నిద్రపోతున్న ముసలాణ్ణి తన్ని లేపుతారా సార్, అన్నాడు. ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ వేశాడు. రెండు రోజులు నానాలట. తర్వాత హ్యాండిల్‌తో మెల్లగా తిప్పాలట. పాత ఆయిల్ దించి, ఫిల్టర్ మార్చి, ప్లగ్గులు లేకుండానే తిప్పి, ఆయిల్ ప్రెషర్ దీపం ఆరాకే స్టార్ట్ చేయాలట.

కొలంబో మిత్రుడు మాత్రం ముందు నడిపి, వేడెక్కాక దించమంటాడు. ఎవరి మాట వినాలి?

మార్చి 25, మధ్యాహ్నం

ఆయిల్ దించారు. నల్లటి ఆయిల్‌లో తెల్లటి పలుకులు. విల్బర్ట్ వేలు ముంచి వాసన చూశాడు. ఫక్కున నవ్వబోయి ఆగాడు. వంటింటి వైపు చూశాడు. అమ్మ కొబ్బరి తురుముతోంది.

ఏం ఆయిల్ పోశావయ్యా అని అడిగాను. తప్పు నాదే అనుకోండి సార్, పారబోసేద్దాం, అన్నాడు.

అనుకోవడమేమిటి? కల్తీ ఆయిల్ పోశావు, అదీ నాన్న మంచం మీదున్న రోజుల్లో, అని అరిచాను. అతను రెంచీలు గుడ్డలో చుట్టుకున్నాడు. గేటు దగ్గర అమ్మతో, పండక్కి నా అరిసెలు దాచండమ్మా, ఈసారి పన్ను విరక్కుండా వండండి, అని నవ్వి మరీ వెళ్లాడు.

దొంగ ఇలా నవ్వుతాడా?

మార్చి 30

పత్రికలో నా ఆదివారం కాలమ్ వచ్చింది. కల్తీ ఒక వ్యక్తి పాపం కాదు, వ్యవస్థ లక్షణం అని రాశాను. పేరు రాయలేదు. చెరువు దారి చివర రేకుల షెడ్డు అని మాత్రం రాశాను.

ఏప్రిల్ 4

విల్బర్ట్ షెడ్డు ముందు ఒక్క బండీ లేదు. గెలిచాననిపించాలి. అనిపించడం లేదు.

ఏప్రిల్ 16, ఉదయం

కొత్త సంవత్సరం పండగలో తలకి నూనె పెట్టే రోజు. పంచాంగం చెప్పిన నిమిషానికి పెద్దలు పెడతారు. ముప్పై ఏళ్లుగా ఈ శుభఘడియల మీద రాస్తూనే ఉన్నాను. నీ రాతలు కాగితం మీద ఉంచు, తల వంచు, అంది అమ్మ. వంచాను.

చలికి గడ్డకట్టిన కొబ్బరి నూనె, ఆకులు వేసి కాచింది. ఆయిల్ మూత లోపలి అదే వాసన.

ఇంజిన్‌లో ఇదే పోస్తున్నావా అని మెల్లగా అడిగాను. అవును నాయనా, అంది. మీ నాన్న మీ తలల కంటే ముందు నూనె చేత్తో దాని బోనెట్ నిమిరేవాడు, ఆయన పోయాక దాన్నెవరు చూస్తారు? ఏటా చిన్న గిన్నెడు. మూత ఎక్కడుందో విల్బర్ట్ పోస్తుంటే చూశాలే, నాకేం తెలియదనుకున్నావా, అంది.

ఈ ఏటి గిన్నె నా చేతిలో పెట్టింది. ఇక నువ్వే పోయాలి, అంది.

షెడ్డులోకి వెళ్లి బోనెట్‌కి రాశాను. మిగిలింది నా తలకే రాసుకున్నాను. అమ్మతో మాత్రం పోశానని చెప్పాను.

సాయంత్రం

తమలపాకుల కట్టతో విల్బర్ట్ దగ్గరికి వెళ్లి, క్షమించమని వంగి అందించాను. ఆలస్యంగా తీసుకున్నాడు. కాలమ్ చదివించుకున్నాను సార్, నా పేరు తప్ప అన్నీ ఉన్నాయి, అన్నాడు.

అప్పుడే ఎందుకు చెప్పలేదన్నాను.

చెబితే ఆ ముసలమ్మని నిలబెట్టి మీరు సైన్సు పాఠం చెప్పేవారు, అన్నాడు. దొంగ పేరు నాకు ఎప్పటికైనా పోతుంది. మొగుడి బండిని తానే పాడుచేశానన్న బాధ ఆమెకి పోదు.

ఆదివారం సవరణ వేస్తానన్నాను. కారణం రాయనన్నాను.

ఏప్రిల్ 20

సవరణ అచ్చయింది. ఆ షెడ్డు మేస్త్రి తప్పేమీ లేదు, తప్పు నాది. ఎడిటర్ మూడుసార్లు కారణం అడిగాడు. చెప్పలేదు.

ఏప్రిల్ 21

విల్బర్ట్ కొత్త ఆయిల్ పోశాడు. ప్రెషర్ దీపం ఆరింది. బజారు రెండు చుట్లు తిరిగాం.

తన నూనె వల్లే ఇంజిన్ ఇన్నేళ్లు బతికిందని అమ్మ అంది.

అవునన్నాను.