మేకపిల్ల అరుపు

అమ్మకు,

హోసూరు హాస్టలు నుంచి నీ పుష్పావతి నమస్కారాలు. నేను క్షేమంగా ఉన్నాను. నువ్వూ నాయనా బాగున్నారనీ, ఈనిన చుక్కమేకా దాని రెండు పిల్లలూ లేచి తిరుగుతున్నాయనీ తలుస్తున్నాను. చెల్లీ రేణూ, అమ్మకు ఇది చదివి వినిపించేది నువ్వే కాబట్టి ముందే చెబుతున్నాను. అమ్మ ఎంత కేకలేసినా ఒక్క పేరా కూడా దాటేయకు.

దగ్గు తగ్గిందా అని అడిగించావు. తగ్గింది. సరిగా తింటున్నాను. రాగిముద్ద మాత్రం ఇక్కడ నీలాగా ఎవరూ చేయరు. లక్ష్మణప్ప మామ చూసిపెట్టిన ఫ్యాక్టరీ ఆఫీసులో సోమవారం చేరుతున్నావా అని కూడా అడిగావు. దానికి జవాబు కొంచెం పెద్దది.

ఆఫ్రికాలో ఘానా అనే దేశం ఉంది. అక్కడి అడవిలో డైకర్ అనే చిన్న జింకలాంటి జంతువు ఉంటుంది. మన మేకపిల్లంత, మోకాలెత్తు. అలికిడైతే తల వంచి పొదలోకి దూకి మాయమవుతుంది. చెట్టు మీద కోతులు తింటూ రాల్చిన పండ్లను కింద ఏరుకు తింటుంది. కంటి దగ్గర ఊరే జిగురును పుల్లలకు రాసి, ఇది నా చోటు అని చాటుకుంటుంది. పిల్లను పొదలో దాచి మేతకు పోయి, పాలివ్వడానికి తిరిగొస్తుంది. వేటగాళ్ళు చంపినవి పోగా అవి ఎన్ని మిగిలాయో, అడవిలో రాలిన పెంటికలను బట్టి లెక్కపెట్టాలి. ఆ పనికి నన్ను తీసుకున్నారు. రెండేళ్ళు.

మామకు చెబితే నవ్వాడు. "ఎమ్మెస్సీ సదివింది యాడో అడివిలో పెంటికలు ఎంచేదానికామ్మా? ఆ పని మీ నాయిన ఈడనే చేస్తా ఉండాడు గదా!"

"అవును మామా, ఆయప్ప కూతురునే గదా నేను," అన్నాను. పెంటిక చూసి పొద్దుటిదో నిన్నటిదో చెప్పడం నాయనే నేర్పాడు. అందులో నాకు సిగ్గు లేదు.

ఇప్పటిదాకా దాచింది ఒకటుంది, అమ్మా. ఇంటర్వ్యూ కంప్యూటర్లో జరిగింది. డైకర్ ఊరికే కనబడదట. ఆపదలో ఉన్న పిల్లలాగా ముక్కుతో అరిస్తే పెద్దవి పొదలోంచి బయటికి వస్తాయట. "అలాంటి అరుపు మీకు చేతనవుతుందా?" అని అడిగారు. ముక్కు పట్టుకుని అరిచాను. అది నీ అరుపే. దారి తప్పిన తల్లిమేకలను రప్పించడానికి నువ్వు నేర్పిందే. నా ఎనిమిదో ఏట టీచరమ్మ ముందు అలా అరిచానని చీపురు తిరగేసి కొట్టావు, గుర్తుందా? "సదువుకునే దానివి, నా మాదిరి మేకల్లో మేకవైపోతావా?" అన్నావు. ఆనాటి నుంచి నోరు మూసుకున్నాను. ఇంటర్వ్యూ రోజు మాత్రం గట్టిగా అరిచాను. హాస్టల్లో పిల్లలంతా తలుపులు తీసి తొంగిచూశారు. చూడనీ. కంప్యూటర్లో ఉన్న ముగ్గురూ ఇంకోసారి అరవమన్నారు.

ఫ్యాక్టరీ ఉద్యోగం వద్దని నిన్ననే రాసిచ్చేశాను. నీ మాట కాదన్నాను. తప్పు చేశానని మాత్రం అనను. నువ్వు దాచిపెట్టమన్నదే నన్ను గెలిపించింది.

ఆదివారం అంచెట్టి బస్సులో వస్తున్నాను. కోపంగా ఉంటే స్టాపుకు రావద్దు. గుట్ట కింద నిలబడి, ముక్కు పట్టుకుని, ఊరంతా వినేలా అరుస్తాను. మేకలు వస్తాయని నాకు తెలుసు. నువ్వు చీపురు పట్టుకునైనా సరే, రా.

ఇట్లు,
నువ్వు అరవడం నేర్పిన నీ కూతురు,
పుష్పావతి